ఆర్డీ 350 కుడి సిలిండర్ కేసు: స్లోలో లీన్, ఫుల్‌లో రిచ్, ఒకే కార్బరేటర్‌లో

బండి 1987 రాజ్‌దూత్ 350, అందరూ ఆర్డీ అనేది దీన్నే, లో టార్క్ మోడల్. చిత్తూరు నుంచి ఆటో ట్రాలీలో వేసుకోని తిరుపతికి తెచ్చినారు. ఓనరు రిటైరైన సారు, బంగారుపాళ్యం పక్కన వాళ్ళ మామిడి తోట షెడ్డులో బండి శానా ఏండ్లు కదలకుండా నిలబడిపోయినాది, పోయిన ఏడు బయటికి తీసి ఇంకో చోట పనికిచ్చినారు, ఆడ "కార్బరేటర్ సర్వీస్" (కార్బరేటర్ అంటే పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కు పంపేది) ఒకటికి రెండుసార్లు అయినాది, అయినా బండి దారికి రాలా.

సారు చెప్పిన కంప్లయింట్ ఇది: కిక్కుకు స్టార్ట్ అవుతాది, చల్లగా ఉన్నప్పుడు పర్వాలేదు, వేడెక్కినాక స్లోలో, అంటే రేజ్ ఇవ్వకుండా వదిలినప్పుడు, కుడి సిలిండర్ పడిపోతాది, బండి ఒక కాలు మీదే నడుస్తాది, సిగ్నల్ దగ్గర రేజ్ వదిలితే ఇంజన్ వెంటనే దిగదు, పైనే వేలాడి తర్వాత ఒక్కసారిగా ఆగిపోతాది. అదే బండి ఫుల్ రేజ్‌లో పెడితే అదే కుడివైపు గడగడమంటా గొంతు పట్టేసినట్టు అయిపోయి పొగ కొడతాది. ప్లగ్ తీసి చూస్తే అర్థం కాని రంగు, మధ్యలో పింగాణీ తెల్లగా, చుట్టూ రింగు మీద మసి. ఎడమవైపు ప్లగ్ మాత్రం కాఫీ రంగులో బాగానే ఉండాది.

ఈ కేసు రాసేదానికి కారణం ఆ ప్లగ్గే. తెల్లగా ఉంటే లీన్, అంటే పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువ. నల్లగా ఉంటే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. మరి రెండూ ఒకే ప్లగ్ మీద ఎట్ల ఉంటాయి? ఉంటాయి, ఎందుకంటే కార్బరేటర్ లోపల ఒకటే దారి కాదు, రేజ్ ఎంత తిప్పినామో దాన్ని బట్టి వేరే వేరే దారుల్లో పెట్రోల్ వస్తాది. జెట్టు అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. స్లో నుంచి ఎనిమిదో వంతు రేజ్ దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ చూసుకుంటాయి. ఆడి నుంచి పావు దాకా, రేజ్ తిప్పితే పైకి లేచే స్లైడు కింద కోసిన కటవే. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే నీడిల్ (సూది), అది దిగే నీడిల్ జెట్టు. ముప్పావు దాటినాక మెయిన్ జెట్టు. ఒక దాంట్లో తప్పుంటే ఇంకో దాంట్లో సరిచేయబోతే బండి ఇట్లనే తయారవుతాది. స్లోలో ఉన్న జబ్బుకు మెయిన్ జెట్టుకు మందు వేసినారు ఈ బండికి, నేను తేల్చిన విషయం అదే, మిగతాదంతా అది ఎట్ల తేలిందో చెప్పడం.

కొత్త పిల్లోళ్ళ కోసం రెండు ముక్కలు. యమహా ఆర్డీ 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళు 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో చేసినారు. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, మొదట వచ్చిన హై టార్క్‌కు 30.5 హార్స్ పవర్, తర్వాత వచ్చిన లో టార్క్‌కు 27. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో మికుని (జపాన్ కంపెనీ) కార్బరేటర్. టూ స్ట్రోక్‌లో లీన్ అంటే పికప్ తగ్గడంతో పోయేది కాదు, లోపలికి పోయే పెట్రోలే పిస్టన్‌ని చల్లబరిచేది కూడా, అది తగ్గితే వేడికి పిస్టన్ ఉబ్బి బోర్‌లో పట్టేస్తాది, కాకపోతే పిస్టన్ నెత్తిన చిల్లు పడతాది. ఈ బండ్లకు పిస్టన్లు, బోర్లు ఇప్పుడు ఎంత కష్టంగా దొరుకుతాయో వెతికినోళ్ళకే తెలుసు. అందుకే కుడివైపు పడిపోతా ఉన్న బండిని "రోంత నడిపి చూద్దాం" అనేది నేను ఒప్పుకోను.

కార్బరేటర్ మీద చెయ్యి పెట్టే ముందు మిగతావి చూసినా. ఈ బండికి రెండు జతల పాయింట్లు (ప్లగ్గుకు కరెంటు సమయానికి పంపే స్విచ్చులు), రెండు కండెన్సర్లు, రెండు కాయిల్స్, అందుకని కుడివైపు ఒక్కటే మిస్సింగ్ అంటే కరెంటు కూడా దొంగ కావచ్చు. పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ 0.35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టినా, టైమింగ్ డయల్ గేజ్‌తో చూసినా, కాయిల్స్ అటుదిటు ఇటుదటు మార్చి చూసినా, జబ్బు కుడివైపే ఉండిపోయినాది. కంప్రెషన్ రెండువైపులా దాదాపు సమానం. ట్యాంకు మూత గాలి రంధ్రం బాగానే ఉండాది, ట్యాంకు లోపల తుప్పు ఉండాది, దాన్ని వేరేగా కడిగించినా. ఇంక మిగిలింది కార్బరేటర్లు, వాటి చుట్టూ గాలి చొరబడే సందులు.

తర్వాత చేసిన పని శానా సులువు, కానీ ఎవరూ చేయరు. రేజ్ గ్రిప్ మీద తెల్ల టేపు చుట్టి, స్విచ్ బాక్సు మీద ఒక గీత, టేపు మీద సున్నా, పావు, అర, ముప్పావు, ఫుల్ గీతలు పెన్నుతో గీసినా. బండి నడిపేటప్పుడు ఏ గీత దగ్గర ఏం చేస్తాందో చూసుకుంటే సగం కేసు తేలిపోతాది. ఈ బండి సున్నా నుంచి ఎనిమిదో వంతు దాకా కుడివైపు లీన్, పావు దగ్గర ఒక కుదుపు, అర దగ్గర పర్వాలేదు గానీ బరువుగా, ముప్పావు దాటితే పూర్తి రిచ్. అంటే ఒకటి కాదు, కనీసం రెండు వేరే వేరే తప్పులు ఉండాయి, ఒకటి పాతది, ఇంకోటి మనుషులు పెట్టింది.

కార్బరేటర్లు దించినా. బౌల్ (కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) స్క్రూలు జపాన్ స్టాండర్డ్ తలకాయలవి, మన మామూలు స్టార్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూచోదు, తిప్పితే పైకి జారి తల చెరిగిపోతాది, ఈ బండివి అప్పటికే సగం చెరిగిపోయి ఉండాయి. జపాన్ స్క్రూలకు సరిపోయే డ్రైవర్ ఒకటి కొనుక్కుంటే జీవితాంతం ఉంటాది, దయచేసి కొనుక్కోండి. తుప్పు నూనె పోసి రాత్రంతా వదిలి, పొద్దున డ్రైవర్ వెనక చిన్నగా సుత్తితో తట్టి తిప్పితే అన్నీ వచ్చినాయి.

ఎడమది లోపల పాతది గానీ నిజాయితీగా ఉండాది, అడుగున ఆరిపోయిన పెట్రోల్ పసుపురంగు జిగురు, అంతే. కుడిదాంట్లో కథ ఉండాది. బౌల్ అడుగున తెల్లటి పొడి, దాని కింద లోహం చిన్న చిన్న గుంటలు పడి ఉండాది, నీళ్ళు చేరి నిలబడిన గుర్తు. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, 2023లో మొదలుపెట్టి 2025కల్లా దేశమంతా అదే అయిపోయినాది, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటాది, బండి నెలల తరబడి నిలబడితే ఆ నీళ్ళు పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి, ఈ కార్బరేటర్ బాడీలు జింక్ కలిసిన పోత, నీళ్ళు నిలబడితే తినేస్తాది. ఈ బండి పాత పెట్రోల్‌తో కొన్నేండ్లు, కొత్త పెట్రోల్‌తో కొన్నాళ్ళు, రెండు రకాల నాశనమూ చూసింది.

నీడిల్ క్లిప్ ఎడమవైపు మధ్య గాడిలో ఉండాది, కుడివైపు అన్నిటికన్నా కింది గాడిలో. క్లిప్ కిందికి దింపితే నీడిల్ పైకి లేస్తాది, రిచ్ అవుతాది. మెయిన్ జెట్టు తీసి భూతద్దం కింద పెట్టినా. ఎడమది మికుని గుర్తు, చదరంలో చదరం ముద్ర, నంబరు అన్నీ కనపడతా ఉండాయి. కుడిదాని మీద నంబరు చెరిగిపోయి ఉండాది, రంధ్రం అంచు గుండ్రంగా లేదు, లోపల గోడ మీద సర్రున గీసిన గీతలు. ఎవరో సన్న డ్రిల్ బిట్ చేత్తో తిప్పి పెద్దది చేసినారు. ఫ్లోట్, అంటే బౌల్‌లో తేలతా పెట్రోల్ లెవెల్ చూసుకునేది, దాన్ని కూడా వంచి లెవెల్ పైకి ఎత్తినారు. స్లోలో కుడివైపు లీన్‌గా పడిపోతా ఉంటే, పెట్రోల్ చాలట్లేదని లెక్కేసి, దొరికిన ప్రతి దారినీ పెద్దది చేసుకుంటా పోయినారు, కానీ అసలు మూసుకుపోయిన పైలట్ దారిని మాత్రం తెరవలా. స్లోలో లీన్ అట్నే ఉండిపోయినాది, పైన రిచ్ కొత్తగా వచ్చి చేరినాది. జెట్టుకు డ్రిల్ పెట్టడం అనేది నాకు మనసుకు కష్టంగా ఉంటాది, ఆ ఇత్తడి ముక్క లోపలి రంధ్రం ఎంత ఉండాలో ఎవరో ఏండ్ల తరబడి లెక్కేసి పెట్టినారు, ఒకసారి గీత పడితే మల్లా తిరిగి రాదు.

క్లీనింగ్. ముందు రబ్బరు అనేది ఒక్కటి కూడా లోపల ఉండకూడదు, ఓరింగులు, బౌల్ గాస్కెట్, ఫ్లోట్ వాల్వ్, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేదానికి చిక్కటి మిక్చర్ ఇచ్చేది) ప్లంజర్ కింద రబ్బరు, అన్నీ తీసేయాలి, కార్బ్ క్లీనర్ స్ప్రే వాటిని ఉబ్బిస్తాది. కండ్లకు అద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి సూటిగా మొహం మీదికే వస్తాది. మన పక్క ఇంకో అలవాటు ఉండాది, ఇత్తడి బిందెలు తోమినట్టు కార్బరేటర్‌ని చింతపండు నీళ్ళలోనో నిమ్మకాయ నీళ్ళలోనో ఉడకబెట్టేది. ఇత్తడి జెట్లు తళతళ మెరుస్తాయి నిజమే, కానీ పులుపు జింక్ బాడీని కొరుకుతాది, స్లైడు తిరిగే గోడ గరుకు తేలి రేజ్ పట్టేస్తాది. చేయొద్దు. నేను వాడేది నగల షాపుల్లో పెట్టుకునే అల్ట్రాసోనిక్ మిషన్, అందులో గోరువెచ్చటి నీళ్ళు, రోంత గిన్నెలు తోమే లిక్విడ్, జెట్లు వేరే, బాడీలు వేరే. పెట్రోల్ వాసన పూర్తిగా పోయినాకే వేడి నీళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి, ఇది మర్చిపోవద్దు. బయటికి తీసినాక కంప్రెసర్ గాలితో ప్రతి దారినీ ఊదాలి, లోపల నీటి చుక్క మిగలకూడదు.

పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుక మందం కూడా పట్టదేమో అన్నంత చిన్నది. దాంట్లో ఇనప తీగ, సూది పెట్టకూడదు, కరెంటు వైరు లోపలి రాగి పోగు ఒక్కటి తీసి దాంతో మెత్తగా నెట్టాలి. జెట్టు శుభ్రమైతే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ జెట్టు నుంచి కార్బరేటర్ గొంతులోకి పోయే దారి ఇంకా ఉండాది, అసలు జబ్బు ఆడే దాక్కుంటాది. స్లైడు అంచు దగ్గర గొంతు అడుగున రెండు సన్న రంధ్రాలు ఉంటాయి, ఒకటి స్లైడు కింద, ఇంకోటి దానికి ఇంజన్ వైపు. నేను చేసే పరీక్ష ఇది: పైలట్ జెట్టు బిగించి, ఎయిర్ స్క్రూ తీసేసి, ఆ స్క్రూ రంధ్రంలో స్ప్రే గొట్టం పెట్టి కొడతా, జెట్టు అడుగు వేలితో మూసిపెడతా. ఎడమ కార్బరేటర్ గొంతులో రెండు రంధ్రాల నుంచీ సన్నటి దారంలా చిమ్మినాది. కుడిదాంట్లో వెనక రంధ్రం నుంచి రోంత, ఇంజన్ వైపు రంధ్రం నుంచి అసలు ఏమీ రాలా, అంచున ఒక చుక్క ఊరి ఆడే వేలాడతా నిలబడింది. మల్లా మిషన్‌లో వేసి, ఇంజన్ వైపు నుంచి వెనక్కి గాలి కొట్టి, రాగి పోగు పంపితే ఆవగింజ కంటే చిన్న పచ్చటి రవ్వ ఒకటి నా అరచేతి మీద పడింది. అంతకుముందు చేసిన "సర్వీసు"లన్నీ ఆ రవ్వ చుట్టూ తిరిగినవే.

అంతటితో ఆగి ఉంటే కూడా కేసు సగమే. రేజ్ వదిలినాక ఇంజన్ పైన వేలాడడం అనేది ఎక్కువగా గాలి లీకు గుర్తు. ఆర్డీలో చోక్ ప్లంజర్ ఎడమ కార్బరేటర్‌లోనే ఉంటాది, అది తయారుచేసే చిక్కటి మిక్చర్ ఒక చిన్న రబ్బరు గొట్టం గుండా కుడి కార్బరేటర్‌కు పోతాది. రెండు కార్బరేటర్ల మధ్య ఉండే ఆ చిటికెన వేలంత గొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు, పైకి చూస్తే బాగానే కనపడతాది. దీన్ని వంచి చూస్తే కుడి చివర క్లిప్ కింద చుట్టూతా పగిలి ఉండాది, ఒక చివర వేలితో మూసి ఇంకో చివర ఊది నీళ్ళలో ముంచితే బుడగలు వరసగా వచ్చినాయి. చోక్ మూసి ఉన్నా కూడా ఆ పగులు నుంచి కుడివైపు ఇంజన్ ఊరికే గాలి పీల్చుకుంటాది, ఏ జెట్టుకూ సంబంధం లేకుండా. మూసుకుపోయిన పైలట్ రంధ్రం, ఈ పగులు, రెండూ కుడివైపే, రెండూ స్లోలోనే. అందుకే ఏ ఒక్కటి సరిచేసినా బండి పూర్తిగా బాగయ్యేది కాదు.

గాలి లీకు మాట వచ్చినాక క్రాంక్ సీల్స్, అంటే క్రాంక్ షాఫ్ట్ చివర్ల గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు, వదలకూడదు. సైలెన్సర్ రంధ్రాలు, కార్బరేటర్ రబ్బర్లు మూసి, ఒక్కో సిలిండర్‌కు వేరేగా 6 పీఎస్‌ఐ గాలి నింపి కొన్ని నిమిషాలు గేజ్ చూసినా. కుడివైపు నిలబడింది. ఎడమవైపు, ఏ కంప్లయింటూ లేని వైపు, సన్నగా దిగతా పోయినాది. ఆల్టర్నేటర్ కవర్ తీసి సబ్బు నీళ్ళు రాస్తే సీలు అంచున చిన్న బుడగలు. దీని సంగతి చివర్లో చెప్తా.

స్పేర్స్ దగ్గర సారుకూ నాకూ రోంత వాదన జరిగినాది. "నాయనా, ఆన్‌లైన్‌లో కొత్త జత తక్కువకే దొరుకుతాందంట, ఈ పాతవి పక్కన పారేసి అవి బిగించేయరాదా" అన్నారు. "సార్, బాడీలు రెండూ ఒరిజినల్, స్లైడ్లు అరగలేదు, ఇవి పారేస్తే మల్లా ఇట్లాంటివి దొరకవు. ఆ కొత్త జతలో ఏ జెట్టు మీద ఏ నంబరు కొట్టినా లోపల అంతే ఉంటాదని ఎవరు చెప్తారు" అన్నా. ఆయన రోంత సేపు మాట్లాడలా, తర్వాత "సరే, నీకు తోచినట్టు చెయ్, కానీ తొందరగా" అన్నారు. తొందరగా కాలా. మెయిన్ జెట్లు, పైలట్ జెట్లు, నీడిల్, నీడిల్ జెట్లు రెండువైపులకూ జతగా కావాలి, ఒకవైపు పాతది ఒకవైపు కొత్తది వేస్తే రెండు సిలిండర్లు ఎప్పటికీ కలవవు. నీడిల్ జెట్టు ఎందుకంటే, నీడిల్ ఏండ్ల తరబడి అదురుతా దాని నోటిని గుండ్రం నుంచి కోలగా అరగదీస్తాది, పావు నుంచి అర రేజ్ దాకా ఊరికే రిచ్ అవతాది, ఈ బండి బరువుగా లాగడంలో దాని పాలు కూడా ఉండాది. చెన్నైలో పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు తిరిగితే పాత స్టాకు ఒరిజినల్స్ దొరికినాయి. కిట్ పేరుతో వచ్చే వాటిలో గాస్కెట్, ఓరింగులు వాడుకోవచ్చు, ఇత్తడి భాగాలు మాత్రం భూతద్దం కింద చూడకుండా వేయొద్దు. ఓరింగులు ఇథనాల్‌కు తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

ఫ్లోట్లు ముందు వేడి నీళ్ళలో ముంచి చూసినా, బుడగలు రాలేదు కాబట్టి చిల్లుల్లేవు. తర్వాత ఎత్తు. కార్బరేటర్ తలకిందులుగా పట్టుకుని రోంత ఏటవాలుగా వంచి, ఫ్లోట్ నాలుక ఫ్లోట్ వాల్వ్ పిన్నును తాకీ తాకనట్టు ఉన్నప్పుడు, ఆ పిన్ను స్ప్రింగ్ నొక్కుకోకుండా, గాస్కెట్ లేకుండా బాడీ అంచు నుంచి కొలవాలి. పూర్తిగా తలకిందులుగా పెడితే ఫ్లోట్ బరువుకు స్ప్రింగ్ నొక్కుకుని కొలత తప్పుతాది. రెండు కార్బరేటర్లకూ ఒకే ఎత్తు రావాలి.

బిగించినాక రెండింటినీ కలపడం. ఇది చేయకపోతే ఎంత శుభ్రం చేసినా ఆర్డీ ఆర్డీలా నడవదు. రేజ్ కేబుల్ ఒకటే, మధ్యలో మూడుగా చీలుతాది, రెండు కార్బరేటర్లకు, ఒకటి ఆయిల్ పంపుకు. ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీసుకుని, వాటి నున్నటి తోక వైపు రెండు స్లైడ్ల కింద పెట్టి, రేజ్ మెల్లగా తిప్పితే రెండూ ఒకేసారి కింద పడాలి. ఒకటి ముందు పడితే ఆ వైపు అడ్జస్టర్ తిప్పాలి. స్లో స్టాప్ స్క్రూలు రెండూ సమానంగా. ఎయిర్ స్క్రూ మెత్తగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్టు బయటికి తిప్పి మొదలుపెట్టినా, మికునిలో ఇది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్, లోపలికి తిప్పితే రిచ్. తర్వాత ఒక ప్లగ్ వైరు తీసి దాని ప్లగ్‌ని ఇంజన్‌కు తాకించి ఎర్త్ ఇచ్చి, ఒక్కో సిలిండర్‌ని విడిగా నడిపి, రెండూ ఒకే స్లో పట్టే దాకా చూసినా. ఎర్త్ ఇవ్వకుండా వైరు గాలిలో వదిలితే కాయిల్ పోతాది. ఇదంతా అయినాక ఆయిల్ పంపు పుల్లీ గుర్తు పిన్నుకు కలుస్తా ఉండాదా లేదా మల్లా చూడాలి, కార్బరేటర్ కేబుల్ కదిపినామంటే పంపు కేబుల్ కూడా కదిలినట్టే, అది వెనకబడితే ఇంజన్‌కు నూనె అందదు.

టెస్టుకు రంగంపేట దాటి భాకరాపేట ఘాట్‌కు తీసుకుపోయినా. తిరుమల ఘాట్ రోడ్డు ఇట్లాంటి పనులకు కాదు, ఆడ భక్తులు పోతా వస్తా ఉంటారు. భాకరాపేట ఎక్కేటప్పుడు అర రేజ్, ముప్పావు రేజ్ ఎక్కువసేపు నిలకడగా దొరుకుతాయి, టేపు గీతలు చూసుకుంటా పోవచ్చు. కుడివైపు గొంతు పట్టడం పోయినాది. పావు దగ్గర కుదుపు పోయినాది. పైన ఆగి పది నిమిషాలు స్లోలో వదిలితే రెండు గొట్టాల దగ్గర చెయ్యి పెడితే ఒకే దెబ్బ, రేజ్ ఇచ్చి వదిలితే వెంటనే దిగతా ఉండాది. దిగేటప్పుడు ఒక జాగ్రత్త, రేజ్ పూర్తిగా మూసి గేర్ మీదే చాలాసేపు దిగితే ఇంజన్ స్పీడుగా తిరుగుతాది గానీ నూనె పంపు మాత్రం తక్కువే ఇస్తాది, అందుకని మధ్య మధ్యలో క్లచ్ పట్టి రేజ్ ఇస్తా దిగాలి.

తెల్లారి చంద్రగిరి దాటినాక ఖాళీ రోడ్డు మీద కొత్త ప్లగ్గులు వేసి మూడో గేర్లో ఫుల్ రేజ్‌లో రోంత దూరం పోయి, క్లచ్ పట్టి అదే క్షణం ఇంజన్ ఆపేసి, పక్కకు తీసి ప్లగ్గులు చూసినా. రెండూ లేత గోధుమరంగు, కుడిది ఒక్క పిసరు ముదురు. నీడిల్ క్లిప్‌లు రెండువైపులా మధ్య గాడిలోనే, మెయిన్ జెట్లు రెండూ ఒరిజినల్ నంబరే, ఎయిర్ స్క్రూ చివరికి ఎడమవైపు ఒకటిన్నర, కుడివైపు ఒకటింపావు దగ్గర నిలబడినాయి. ఆ తేడా కుడి బాడీలో జింక్ గుంటలు పడినందువల్ల అని నా అనుమానం, దాన్ని నేను కెలకలా.

ఎడమ సీలు సంగతి సారుకు ఫోటోలతో సహా చూపించినా. అది ఇంకా పూర్తిగా పోలా, కానీ పోయిన రోజు ఎడమ సిలిండర్ లీన్ అవతాది, అప్పుడు ఎవరో ఒకరు మల్లా ఎడమ కార్బరేటర్‌ని విప్పుతారు, జెట్టు పెద్దది చేస్తారు. సీలు తెప్పించినాక బండి మల్లా తెమ్మని చెప్పినా, అప్పటిదాకా లాంగ్ పోవద్దన్నా, వారానికొకసారి ఎడమ ప్లగ్ తీసి రంగు ఫోటో కొట్టి నాకు పంపమన్నా. నెలకు మించి నిలబెట్టేటట్టయితే ట్యాప్ మూసి రెండు బౌల్స్‌లో పెట్రోల్ దించేయమని కూడా చెప్పినా. మొదటి ఫోటో వచ్చినాది, రంగు మారలా.